పిల్లలతో రిసార్టుకా? ముందు నీళ్ల సంగతి అడగండి

హైదరాబాద్‌లో అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్, చేవెళ్ల వైపు దారి పొడవునా రిసార్టుల బోర్డులు కనిపిస్తాయి. పాత మర్రిచెట్ల కిందుగా సాగే ఈ దారి వారాంతం వస్తే నగరం కార్లతో నిండిపోతుంది. ఫామ్‌హౌస్‌లు, కాటేజీలు, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ప్యాకేజీలు. ఏ ప్రకటన చూసినా నీలిరంగు ఈతకొలను బొమ్మ ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో బేరం అక్కడే తేలిపోతుంది. స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడుగుతాం, ఉందంటే డబ్బు కట్టేస్తాం. అది ఎలాంటి పూలో అడగం.

మంచు దేశాల్లో పసిపిల్లలతో స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లు కొండ ఎంత ఎత్తుందని చూసుకుంటూ కూర్చోరు. పిల్లలు జారడం నేర్చుకునే మెత్తని వాలు ఉందా, దాన్ని పెద్దలు దూసుకొచ్చే దారి నుంచి వేరు చేశారా, నేర్పేవాళ్లు పక్కనే ఉంటారా అని చూస్తారు. మనకు మంచు కొండలు లేవు. మన పిల్లల సెలవు సరదా అంతా నీళ్లలోనే. కాబట్టి చిన్నపిల్లలతో చేవెళ్ల వైపు వెళ్లేవాళ్లు గదులు, బిర్యానీ, రెయిన్ డ్యాన్స్ కంటే ముందు నీళ్ల గురించి అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈదే నీళ్లు, తాగే నీళ్లు, వాడి వదిలేసే నీళ్లు, మూడింటి గురించీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. దీనికి కారణం పిల్లల అల్లరి ఒక్కటే కాదు, వాళ్ల ఒంటి తీరు కూడా. పసివాళ్లలో మొత్తం శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ. నీళ్లలోకి తొంగి చూస్తే ఆ బరువుకే ముందుకు తూలతారు. తలకిందులుగా పడ్డాక ఒంటిని పైకి లేపుకునే బలం చేతులకు ఉండదు. బకెట్లో అడుగున ఉన్న కొద్దిపాటి నీళ్లలో కూడా ప్రాణాలు పోయేది ఇందుకే.

మునిగేవాళ్లు కేకలు పెడతారని, చేతులు ఊపుతారని సినిమాలు చూసి అనుకుంటాం. అమెరికాలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాన్సెస్కో పియా నిజంగా మునిగేవాళ్లను గమనించి చెప్పింది వేరు. నోరు ఒక్క క్షణం నీటిపైకి వస్తుంది, వెంటనే మళ్లీ మునుగుతుంది. ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు, ఇక కేక ఎక్కడిది? చేతులు రెండు పక్కలకూ చాచి, నీటిని కిందికి నొక్కుతూ తలను పైకి తేవడానికే పాటుపడతాయి. ఊపి పిలవడం వాటి వశంలో ఉండదు. ఈ పెనుగులాట 20 సెకన్ల నుంచి నిమిషంలోపు ముగుస్తుంది. పసిపిల్లలయితే ఇంకా త్వరగా మునుగుతారు. ఇదంతా చప్పుడు లేకుండా జరిగిపోతుంది. గట్టు మీద పదిమంది పెద్దలు కబుర్లలో ఉండి, పక్కన పాటలు మోగుతుంటే ఎవరికీ తెలియదు.

అందుకే 'అందరం ఉన్నాం కదా' అన్న ధీమా పనికిరాదు. పావుగంటకొకరు చొప్పున వంతు వేసుకోండి. వంతులో ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, చిన్నపిల్లలు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలను నమ్ముకోవద్దు. అవి ఆటవస్తువులు. జారిపోతాయి, గాలి దిగిపోతాయి, పైగా తనకు ఈత వచ్చేసిందన్న భ్రమను పిల్లలకు కలిగిస్తాయి.

ఇక రిసార్టు వాళ్లను అడగాల్సినవి. పిల్లల కొలను విడిగా ఉందా? ఒకే తొట్టిలో మూడడుగుల నుంచి ఐదారడుగుల దాకా వాలుగా లోతు పెరిగే పూల్ చిన్నపిల్లలకు అన్నిటికంటే ప్రమాదం. అడుగు తర్వాత అడుగు వేస్తూ పోతుంటే ఎక్కడ కాలు అందకుండా పోయిందో వాళ్లకు తెలియదు. కొలను చుట్టూ కంచె ఉందా? నాలుగు వైపులా, గదుల వైపు కూడా, కనీసం నాలుగడుగుల ఎత్తున ఉండాలి. గేటు దానంతట అదే మూసుకుని, గడియ పిల్లల చేతికి అందని ఎత్తులో పడాలి. పసిపిల్లలు మునిగే ప్రమాదాలు చాలావరకు ఈత వేళల్లో జరగవు. పెద్దలు భోజనాల దగ్గరో, సామాను సర్దుకుంటూనో ఉన్నప్పుడు, పిల్ల నీళ్లలో ఉందని ఎవరూ అనుకోని సమయంలో జరుగుతాయి. కాబట్టి కాటేజీ తలుపు తీస్తే నేరుగా కొలను గట్టు మీదికి అడుగుపడే గది ఫొటోలో ఎంత అందంగా ఉన్నా, నడక నేర్చిన పిల్ల ఉన్న కుటుంబం దాన్ని తీసుకోకూడదు.

ఎవరి కంటా పడని ప్రమాదం కొలను అడుగున ఉంటుంది. పంపు నీటిని లాగే రంధ్రం మీది మూత విరిగినా, ఊడినా అక్కడ పిల్లల చేయో పొట్టో అతుక్కుపోవచ్చు, జుట్టు చుట్టుకోవచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పు గల గుండ్రటి రంధ్రాన్ని ఒళ్లు పూర్తిగా మూసేసి, లోపల పీడనం వాతావరణ పీడనంలో సగం మేర పడిపోయిందనుకోండి. లెక్క వేస్తే ఆ శరీరాన్ని పట్టి ఉంచే బలం సుమారు 160 కిలోల బరువుకు సమానం. ఇద్దరు పెద్దవాళ్లు లాగినా రాదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఏడేళ్ల మనవరాలు 2002లో ఇలాగే చనిపోయింది. ఆ దేశం 2007లో ఆ పాప పేరుతోనే చట్టం చేసి, బహిరంగ కొలనులన్నిటికీ ఇలా పట్టి ఉంచని మూతలను తప్పనిసరి చేసింది. పిల్లలు దిగకముందే అడుగున మూత సరిగ్గా ఉందో లేదో చూడండి, పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో అడిగి పెట్టుకోండి.

ఆ మూత స్పష్టంగా కనిపించడం నీళ్ల శుభ్రతకు మొదటి పరీక్ష కూడా. కొలను లోతైన చోట అడుగు కనిపించకపోతే అసలు దిగనే వద్దు. కనిపించినంత మాత్రాన సరిపోదు. నీటిలో క్లోరిన్ వేస్తే హైపోక్లోరస్ ఆమ్లం తయారవుతుంది. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా ఇదే. నీటి పీహెచ్ 7.5 ఉన్నప్పుడు వేసిన క్లోరిన్‌లో సుమారు సగం ఈ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి పెరిగితే నాలుగో వంతే మిగులుతుంది. అంటే అదే మందు, అదే ఖర్చు, పనితనం మాత్రం సగం. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, క్షార గుణంతో ఉంటాయి కాబట్టి క్లోరిన్ ఒక్కటే కొలిస్తే చాలదు, పీహెచ్ కూడా కొలవాలి. పైగా ఎండ క్లోరిన్‌ను విరగ్గొడుతుంది. నిలకడనిచ్చే రసాయనం కలపని పైకప్పు లేని కొలనులో పొద్దున వేసిన మందు మండే ఎండకు కొన్ని గంటల్లోనే చాలావరకు ఖర్చయిపోతుంది. సరిగ్గా పిల్లలు దిగే మధ్యాహ్నం వేళకు రక్షణ సన్నగిల్లుతుంది. 'ఇవాళ చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది?' అని అడగండి. లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము విడి క్లోరిన్, 7.2 నుంచి 7.8 మధ్య పీహెచ్ ఉండాలి. రెండు చుక్కలు వేసి రంగు చూసే కిట్‌తో ఇది తేలిపోతుంది. రాసిపెట్టే పుస్తకం ఉంటే ఇంకా మంచిది.

కళ్లు మండించే ఘాటు వాసన వస్తే మందు బాగా వేశారని సంతోషించే పనిలేదు. చెమట, మూత్రం వంటివి క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లవుతాయి. ఆ వాసన వాటిదే. పిల్లలకు దగ్గు, ఆయాసం తెప్పించేదీ అవే. దిగేముందు సబ్బుతో స్నానం తప్పనిసరి చేసే రిసార్టు మీద విసుక్కోకండి, మెచ్చుకోండి. సరైన మోతాదులో క్లోరిన్ ఉంటే ఇ. కోలి నిమిషంలోపే చస్తుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం మాత్రం అదే నీటిలో పది రోజులకు పైగా బతుకుతుంది. పిల్లాడికి విరేచనాలు పట్టుకుని ఉంటే కొలనులో దించకపోవడమే మిగతా పిల్లలకు మనం చేసే ఉపకారం.

మందు వేయని గోరువెచ్చని నిలవ నీటిలో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ఉండవచ్చు. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసింది ఇలాంటి అమీబా జబ్బే. ఇది తాగితే రాదు. ముక్కులోకి నీరు ఎక్కినప్పుడు అక్కడి నరం వెంట మెదడుకు చేరుతుంది. చాలా అరుదైన జబ్బే అయినా బతికి బయటపడేవాళ్లు చాలా తక్కువ. వారమంతా ఖాళీగా ఉండి, శనివారం జనం వస్తున్నారని బోరు నీళ్లతో తొట్టి నింపే ఫామ్‌హౌస్‌లో క్లోరిన్ గురించి రెండుసార్లు అడగాల్సింది ఇందుకే.

ఇంత జాగ్రత్త పడ్డా ఏదైనా జరిగితే మొదటి కొన్ని నిమిషాలే ప్రాణం. ఆక్సిజన్ అందక నాలుగైదు నిమిషాలయ్యేసరికి మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108కి ఫోన్ చేసినా, చేవెళ్ల ఆసుపత్రి దగ్గర్లో ఉన్నా అంబులెన్స్ అంతలోపు రావడం కష్టం. పిల్లను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇంకా చూస్తుంటాం. దానివల్ల విలువైన సమయం పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. స్పృహ లేక, ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోటి ద్వారా శ్వాస ఇవ్వడంతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, రెండు శ్వాసలు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. దీన్ని చదివి కాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. సిబ్బందిలో నేర్చుకున్నవాళ్లు ఎవరున్నారో బుక్ చేసేముందే అడగండి.

తాగే నీళ్ల సంగతికి వస్తే, మనది గట్టి రాతి నేల. బోరులోకి నీరు ఇసుక పొరల గుండా నెమ్మదిగా వడకట్టుకుని కాదు, రాతి పగుళ్ల వెంట వస్తుంది. దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు ఉంటే మురుగు కూడా అదే పగుళ్ల వెంట రాగలదు. క్రిములను మరిగించి చంపవచ్చు. మురుగు నుంచి, ఎరువుల నుంచి వచ్చే నైట్రేట్ మాత్రం మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల్లోపు బిడ్డలకు ఆ నీటితో పోతపాలు కలిపి పడితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పోతపాల బిడ్డ ఉంటే ఇంటి నీళ్లే తీసుకెళ్లడం మేలు.

మూడో నీళ్లు, మనం వాడి వదిలేసేవి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు వెలిశాయి. మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్. అనంతగిరి కొండల వైపు నుంచి వచ్చే ఈ రెండు వాగుల పరీవాహకంలోనే మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి నేలలున్నాయి. ఇక్కడి వానచుక్క పల్లం వెతుక్కుని చేరేది ఉస్మాన్ సాగర్‌కో, హిమాయత్ సాగర్‌కో. అందుకే 1996లో వచ్చిన జీవో 111 ఈ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను కట్టడి చేసింది. శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్ దగ్గర నూనె పరిశ్రమ వివాదంలో సుప్రీంకోర్టు 1999లో, 2000లో ఇచ్చిన తీర్పులు దేశమంతటా పర్యావరణ న్యాయానికి దారి చూపాయి. హాని జరిగేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్న సూత్రానికి అవి బలమిచ్చాయి. 2022లో జీవో 69తో ప్రభుత్వం ఆ కట్టడిని సడలించబోయింది, వివాదం కోర్టుల దాకా వెళ్లింది. ఆ జీవో ఎటుపోయినా నేల వాలు మారదు. కొలను ఫిల్టర్ కడిగిన నీళ్లు, వంటింటి నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు శుద్ధి చేయకుండా వాగులోకి వదిలితే అవి పోయేది ఆ జలాశయాలకే, కొంత నేలలోకి దిగి పక్క ఊరి బోర్లకే.

ఫోన్ చేసినప్పుడు చివరగా ఇదీ అడగండి: 'మీ మురుగు నీరు ఎక్కడికి పోతుంది, శుద్ధి చేసే ప్లాంటు ఉందా, ఆ నీటిని చెట్లకు పెడుతున్నారా?' కంచె, క్లోరిన్, మురుగు, ఈ మూడింటికీ అవతలి మేనేజరు తడుముకోకుండా జవాబు చెబితే అడ్వాన్సు పంపండి. లేకపోతే ఆ ఆదివారం పిల్లలను చిలుకూరు మృగవనికి తీసుకెళ్లి దుప్పులను చూపించి, సాయంత్రానికి ఇంటికి తీసుకురండి.