పేరు ఒకటి, తీగ మరొకటి



కొత్త పంట వేయదలచినప్పుడు మనం సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతాం. మన నేలకు పనికివస్తుందా? నీరు ఎంత కావాలి? ధర ఎంత పలుకుతుంది? మూడూ అడగవలసినవే. అయితే వీటన్నిటికన్న ముందు అడగవలసినది మరొకటి ఉన్నది. "నా చేతికి వచ్చిన ఈ మొక్క, వాళ్లు చెప్పిన మొక్కేనా?" అనేది ఆ ప్రశ్న. దీన్ని ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో ఆస్ట్రేలియా ద్రాక్ష రైతులకు అనుభవంలోకి వచ్చింది. ఆ సంగతి ఇవాళ చెప్పుకుందాం.

స్పెయిన్ దేశానికి వాయవ్య మూలన, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున, గలీసియా అనే ప్రాంతం కలదు. అక్కడి రియాస్ బైషస్ సీమలో పండించేది ముఖ్యంగా ఒకే ఒక తెల్లద్రాక్ష. దాని పేరు ఆల్బరీన్యో. నది దాటి పోర్చుగల్‌లోకి పోతే అదే తీగను అల్వరీన్యో అంటారు. ఇది తినే ద్రాక్ష కాదు, వైన్ తీసే ద్రాక్ష. పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలుంటాయి, పులుపు బాగా నిలుస్తుంది.

ఆ సీమలో వానలు జాస్తి. గాలిలో ఎప్పుడూ చెమ్మే. ద్రాక్షకు చెమ్మ అంటే బూజు తెగులును పిలిచి పీట వేసినట్లే గదా! అందుకని అక్కడివారు నల్లరాతి స్తంభాలు పాతి, వాటిపై పందిళ్లు వేసి, తీగను మనిషి ఎత్తుకు పైన పారిస్తారు. కింద గాలి ఆడుతుంది, గుత్తులు తడి నేలకు దూరంగా ఉంటాయి. నేల ఇసుకపాలు గల రాతినేల గనుక నీరు నిలవదు. పండు తోలు మందంగా ఉండడం కూడా తెగులుకు కొంత అడ్డు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహీ పందిళ్లు చూచినవారికి ఇదంతా కొత్తగా తోచదు. అయితే మన పందిరి ఎక్కువగా బలమైన తీగను, బరువైన కాపును మోయడానికి, ఎండనుంచి గుత్తిని కాయడానికి. వారి పందిరి చెమ్మనుంచి తప్పించడానికి. పందిరి ఒకటే, దాని పని వేరు. ఒక ఊరి పద్ధతిని మరొక ఊరికి తెచ్చుకునేటప్పుడు, అది అక్కడ ఏ పని చేస్తున్నదో ముందుగా తెలుసుకోవలెను.

1988లో రియాస్ బైషస్ పేరుకు అధికారికమైన గుర్తింపు వచ్చింది. ఆ తరువాత ఈ ద్రాక్ష పేరు దేశదేశాలకు పాకింది. సముద్రపు గాలి, తేమ గల ఉరుగ్వే దేశంలో వేశారు. న్యూజీలాండులో, అమెరికాలో వేశారు. ఫ్రాన్సులోని బోర్దో సీమవారు ఎండలు ముదురుతున్నవని, 2021లో, తమ పాత రకాలకు తోడుగా ఆరు కొత్త రకాలకు అనుమతి పొందారు. అందులో అల్వరీన్యో ఒకటి. కాని ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి! ఈ కొత్త రకాలు తోట విస్తీర్ణంలో నూటికి 5 వంతులు మించకూడదు, వైన్ మిశ్రమంలో నూటికి 10 వంతులు మించకూడదు అని కట్టడి చేసుకున్నారు. వందల ఏళ్ల అనుభవం గలవారే కొత్త తీగను కొద్దికొద్దిగా పరీక్షించి చూస్తున్నారన్నమాట.

ఇక ఆస్ట్రేలియా సంగతి. 1980ల చివరలో అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. స్పెయిన్‌లోని ద్రాక్ష రకాల సేకరణనుంచి ఆల్బరీన్యో అనే పేరుతో కొమ్మలు తెప్పించింది. వాటినుంచి నర్సరీలకు, నర్సరీలనుంచి రైతులకు మొక్కలు వెళ్లాయి. రైతులు తోటలు వేశారు, కాపు తీశారు, వైన్ సీసాలపై ఆల్బరీన్యో అని అచ్చువేసి అమ్మారు. కొనేవారూ మెచ్చుకున్నారు.

2008లో జాఁ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ తోటలు చూచి, ఇది ఆల్బరీన్యో కాదేమోనని అనుమానం వెలిబుచ్చారు. 1994లో చిలీ దేశంలో మెర్లో అనుకుంటూ పండిస్తున్న నల్లద్రాక్షలో చాలా భాగం కార్మెనేర్ అని పోల్చినది కూడా ఈయనే. 2009లో డి.ఎన్.ఎ. పరీక్ష చేశారు. అనుమానం నిజమయింది. ఆస్ట్రేలియాలో ఆల్బరీన్యోగా చలామణి అయినది సావాన్యా అనే మరొక తెల్లద్రాక్ష. అది ఫ్రాన్సు తూర్పు కొసన ఉన్న జురా కొండసీమ రకం. అక్కడ దానితో తీసిన పసుపు వన్నె వైన్‌ను ఆరేళ్లకు పైగా నిలవ ఉంచి అమ్ముతారు.

ఇందులో రైతు మోసం చేయలేదు, నర్సరీవారూ చేయలేదు. పేరు తప్పు పైనుంచే దిగింది. అయినా నష్టం ఎవరికి? సీసాపై పేరు మార్చుకోవలసింది వారే. ఎవరూ వినని సావాన్యా పేరును కొనేవారికి మళ్లీ మొదటినుంచి నేర్పవలసింది వారే. తీగ చెడ్డది కాదు సుమండీ! కొందరు దాన్నే నిలుపుకొని, సొంత పేరుతో మంచి వైన్ తీసి అమ్మారు. కాని రైతు పెట్టుబడి పెట్టినది ఆల్బరీన్యో అనే పేరును నమ్మి. ఆ పేరు ఒక్కరోజులో పోయింది.

ఇన్నేళ్లు తప్పు ఎందుకు పట్టుబడలేదు? ఇది మనం బాగా అర్థం చేసుకోవలసిన విషయం. వరిలో విత్తనం కల్తీ అయితే చేనులో కేళీలు కనపడతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందే ఈనుతుంది. చూడగానే రైతు కనిపెడతాడు. ద్రాక్షను విత్తనంతో వేయం, కొమ్మతో వేస్తాం, లేదా అంటు కడతాం. కొమ్మ నుంచి వచ్చిన మొక్క అచ్చం తల్లి మొక్కే. తల్లి పేరే తప్పయితే తోటలోని వెయ్యి తీగలూ ఒకే రకంగా, చక్కగా, ఆరోగ్యంగా పెరుగుతాయి. కేళీ అన్నదే కనపడదు. తోట అంతా ఒకే తీరుగా ఉన్నది గనుక రకం సరైనదే అనుకోవడం పొరపాటు. పక్కన నిజమైన రకం ఉంటేనే తేడా తెలుస్తుంది.

నిపుణులు రకాన్ని ఎట్లా పోలుస్తారు? లేత చిగురు కొనపై నూగు ఎంత ఉన్నదో చూస్తారు. ఆకు ఎన్ని తమ్మెలుగా చీలినదో, కాడ తగిలేచోట ఆకు నొక్కు విప్పారినదో మూసుకున్నదో, అంచున పళ్లు ఎట్లా ఉన్నవో చూస్తారు. గుత్తి ఆకారం చూస్తారు. చివరకు డి.ఎన్.ఎ. పరీక్షతో తేలుస్తారు. పోల్చడానికి ఆధారంగా పెట్టుకున్న తీగ సరైనదై ఉండవలెను. లేకుంటే తప్పును తప్పుతోనే సరిపోల్చినట్లవుతుంది.

మన దక్కనులో వైన్ ద్రాక్ష కొత్తేమీ కాదు. 1990ల చివరినుంచి నాసిక్ ప్రాంతంలో షెనిన్ బ్లాంక్, సోవిన్యోఁ బ్లాంక్ వంటి యూరపు తెల్లరకాలు పండిస్తున్నారు. అక్కడి తీగ చలికాలం నిద్రపోయి వసంతంలో చిగురిస్తుంది. మన తీగ అట్లా నిద్రపోదు. కనుక వేసవి మొదట ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరింపు చేస్తాం. ఎండాకాలం ముదరకముందే పండు కోస్తాం. ఏ యూరపు రకమైనా ఈ కాలచక్రానికి లొంగుతుందా, పులుపు నిలుపుకొంటుందా అన్నది పరీక్ష మీదనే తేలుతుంది.

అందుచేత ద్రాక్షే కానివ్వండి, మామిడి, జామ, దానిమ్మ అంట్లే కానివ్వండి, కొత్త రకం వేసేవారు ఈ కింది సంగతులు గుర్తుంచుకొనవలెను.

ఒకటి. నర్సరీవారిని మొక్క ధర కంటె ముందు తల్లి తీగ ఎక్కడ ఉన్నదని అడగండి. వీలైతే కాపుమీద ఉన్నప్పుడు వెళ్లి చూడండి. రకం పేరు, వేరుమూలం పేరు రాసిన రశీదు తీసుకొని భద్రపరచండి.

రెండు. తొలుత రెండు మూడు వరుసలు వేసి చూడండి. ద్రాక్షతోట పదిహేనేళ్లకు పైబడిన కాపురం. రెండేళ్లు ఆగి చూస్తే పోయేది తక్కువ.

మూడు. అనుమానం వస్తే దాచుకోవద్దు. 1997లో పుణె వద్ద మంజ్రిలో ఏర్పడిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉన్నది. మన ఉద్యాన అధికారుల ద్వారా అడిగించండి.

నాలుగు. విదేశం వెళ్లిన బంధువు సంచిలో నాలుగు కొమ్మలు తెచ్చిపెట్టాడని సంతోషించకండి. 2003 నాటి మొక్కల దిగుమతి ఉత్తర్వు ప్రకారం అనుమతి, పరీక్ష తప్పనిసరి. 1860 దశకంలో అమెరికా తీగలతోపాటు వచ్చిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు యూరపు తోటలను నాశనం చేసింది. నేటికీ వారు అమెరికా జాతి వేరుమూలాల మీద అంట్లు కట్టుకునే పండిస్తున్నారు.

అయిదు. వైన్ ద్రాక్షకు బజారులో గిరాకీ ఉండదు. గింజలున్న ఆ చిన్న పండును తినేందుకు ఎవరూ కొనరు. కనుక కొనే వైనరీతో రకం, తీపి శాతం, ధర కాగితం మీద రాసుకొన్న తరువాతనే గుంట తవ్వండి. ఆ కాగితంలోని రకం పేరు, రశీదులోని పేరు ఒకటేనా అని సరిచూసుకోండి.

గ్రామస్థాయిలో పనిచేసే విస్తరణ సిబ్బందికి ఒక్క మాట. కొత్త రకం గురించి చెప్పేటప్పుడు దిగుబడి లెక్కతో మొదలుపెట్టకండి. ఆ మొక్క ఎక్కడనుంచి వచ్చిందో, ఎవరు పోల్చి నిర్ధారించారో ముందుగా మీరు తెలుసుకొని చెప్పండి. మనం చెప్పిన పేరును నమ్మి రైతు గుంట తవ్వుతాడు. ఆ పేరుకు పూచీ మనది కూడా.