నొప్పించని లేపనం

మానవ చర్మం ప్రతిదినం కొంత రాలిపోతూనే ఉంటుంది. లోపలి పొరలో పుట్టిన కణం క్రమంగా పైకి జరిగి, ఎండి, మరణించి, చివరకు కంటికి కనబడని పొట్టుగా ఊడిపోతుంది. మృతకణాలతో ఏర్పడిన ఆ పైకవచాన్ని ఒక కణం దాటడానికి యౌవనంలో ఇంచుమించు 20 రోజులు పడుతుంది. వయసు మళ్ళినవారిలో అదే ప్రయాణానికి మరో పది రోజులకు పైగా పడుతుందని గ్రోవ్, క్లిగ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1983లో వెల్లడించారు. అతినీలలోహిత కాంతిలో మెరిసే ఒక రంగును చర్మానికి పట్టించి, అది పూర్తిగా మాయమయ్యేవరకు వారు రోజులు లెక్కపెట్టారు. యాభై దాటిన ముఖం కాంతి తగ్గి గరుకుగా కనిపించడానికి ఈ ఆలస్యం ఒక ముఖ్య కారణం. రాలవలసినది వేళకు రాలడం లేదన్నమాట.

తెలుగు ఇళ్ళలో దీనికి తరతరాలుగా ఉన్న ఉపాయం నలుగు. పెళ్ళికూతురి చర్మానికి సున్నిపిండి రుద్దితే నునుపు తేలుతుంది. కాని అదే రాపిడిని ఆమె నాయనమ్మ చర్మం ఓర్చుకోలేదు. వయసుతోపాటు చర్మం పలచబడుతుంది; పైపొరకు, దాని కింది పొరకు మధ్య ఉండే పట్టు సడలుతుంది. పైగా మనవంటి చామనఛాయ చర్మంలో మంట చల్లారినా దాని గుర్తుగా నల్లమచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. కనుక ముదిమి చర్మానికి కావలసినది రుద్దకుండా రాల్చే సాధనం.

ఆ సాధనం 1974లో వైద్యుల దృష్టికి వచ్చింది. యూజీన్ వాన్ స్కాట్, రూయీ యూ అనే ఇద్దరు పరిశోధకులు చేపపొలుసులవలె చర్మం గట్టిపడే వ్యాధితో బాధపడేవారికి కొన్ని ఆమ్లాలు కలిపిన లేపనాలు పూసి చూశారు. పొలుసులు ఊడి, చర్మం మెత్తబడింది. ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలని పేరుగల ఈ పదార్థాలు మృతకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాలను వదులు చేస్తాయి. చెరకులో ఉండే గ్లైకోలిక్ ఆమ్లం, చేదు బాదం నుండి వచ్చిన మాండెలిక్ ఆమ్లం, పుల్లని పాలలో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1780లో కనుగొన్న లాక్టిక్ ఆమ్లం ఈ కోవలోనివే. గ్లైకోలిక్ అణువు అన్నిటికంటే చిన్నది. త్వరగా లోపలికి దిగుతుంది, త్వరగా మంట పుట్టిస్తుంది కూడా. సున్నితమైన చర్మానికి తక్కిన రెండే మేలు.

అలాగైతే ఇంట్లో పెరుగు పూసుకుంటే సరిపోదా? హాని లేదు గాని, అందులోని లాక్టిక్ ఆమ్లం ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే. నిమ్మరసం సంగతి వేరు. అది మితిమీరిన ఆమ్లం. ముఖానికి దాని జోలి వద్దు.

ఈ లేపనాల ధర విషయంలో 1996లో ప్రచురితమైన ఒక పరీక్షను ప్రతి కొనుగోలుదారు తెలుసుకోవాలి. నలభై నుండి డెబ్భై యేళ్ళ వయసుగల 74 మంది స్త్రీలు 22 వారాలపాటు క్రీములు వాడారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి గాని, వైద్యులకు గాని తెలియదు. గ్లైకోలిక్ ఆమ్లం 8 శాతం ఉన్న క్రీముతో 76 శాతం మందికి, లాక్టిక్ ఆమ్లంతో 71 శాతం మందికి ఎండవల్ల ముఖానికి కలిగిన చెరుపు కొంతైనా తగ్గింది. ఏ ఆమ్లమూ లేని ఉత్త క్రీముతోనూ 40 శాతం మందికి తగ్గింది! తేమను నిలిపే సామాన్యమైన క్రీముకే అంత గుణం ఉన్నదన్నమాట. ఆమ్లం ఖరీదైన సరుకేమీ కాదు. పంచదారను సూక్ష్మజీవులతో పులియబెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని టన్నుల కొద్దీ తయారుచేస్తున్నారు. వేలరూపాయల సీసాలో అధికభాగం ధర గాజుకూ, ప్రకటనలకూ చెల్లుతుంది.

అయితే డబ్బు కాక మరొక మూల్యం కూడా చాలాకాలం చెల్లింది. అమెరికాలో 1933లో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడి పదిమందికి పైగా స్త్రీలు కంటి గాయాల పాలయ్యారు, ఒకరు మరణించారు. సౌందర్యసాధనాలను ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన 1938 నాటి చట్టానికి ఇటువంటి ఘోరాలే కారణం. ఆపైన 1944లో అక్కడి ఆహార, ఔషధ పర్యవేక్షణ సంస్థకు చెందిన జాన్ డ్రేజ్ ఒక పరీక్షా పద్ధతిని ప్రకటించాడు. తెల్లకుందేలు ఒక కంట్లో పదార్థాన్ని వేసి, రెండవ కంటితో పోల్చుతూ, రోజుల తరబడి పుండును గమనించడమే ఆ పద్ధతి. కుందేలుకు కన్నీరు తక్కువ, వేసినది కడుక్కుపోదు. ఆ లోపమే దానిని ప్రయోగశాలకు చేర్చింది. స్త్రీల కళ్ళను కాపాడాలన్న ఉద్దేశంతో పుట్టిన పరీక్ష ఇది. కాని ఒకే పదార్థానికి వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు ఫలితాలు చెబుతున్నాయని 1971లోనే బయటపడింది.

1980 ఏప్రిల్ 15న హెన్రీ స్పైరా అనే న్యూయార్క్ ఉపాధ్యాయుడు, అందం కోసం కుందేళ్ళను గుడ్డివి చేస్తున్నారంటూ రెవ్లాన్ కంపెనీని నిలదీసే పూర్తిపేజీ ప్రకటనను పత్రికలో వేయించాడు. ఆ సంవత్సరాంతానికే ఆ కంపెనీ ప్రత్యామ్నాయ పరిశోధనలకు ఏడున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. నేడు గాజుపాత్రలో పెంచిన మానవ చర్మపు పొరమీద మంట పుట్టించే గుణాన్ని పరీక్షిస్తున్నారు. ఈ పద్ధతికి 2010లో అంతర్జాతీయ ఆమోదం లభించింది. ఐరోపా సమాజం 2013లో జంతువులపై పరీక్షించిన సౌందర్యసాధనాల అమ్మకాన్ని నిషేధించింది. భారతదేశం 2014 మే నెలలో పరీక్షలనూ, అదే సంవత్సరం నవంబరులో అటువంటి సరుకు దిగుమతినీ నిషేధించింది.

కాబట్టి మన దేశంలో తయారైన సామాన్యపు క్రీము, డబ్బామీద కుందేలు బొమ్మ లేకపోయినా, ఇక్కడ జంతువుపై పరీక్షకు గురికావడం చట్టవిరుద్ధం. బొమ్మ కోసమే అదనంగా చెల్లించనక్కరలేదు. అనేక దేశాల్లో అమ్మే కంపెనీల విషయంలో మాత్రం గుర్తుకు విలువ ఉంది. చైనా 2021 వరకు దిగుమతి క్రీములకు జంతుపరీక్షను తప్పనిసరి చేసింది. గెంతే కుందేలు ముద్ర ముడిపదార్థాల సరఫరాదారులకు కూడా వర్తిస్తుంది. ఒక చిక్కు ఉన్నది: మందుల దుకాణాల్లో చౌకగా దొరికే యూరియా, లాక్టిక్ ఆమ్లాల లేపనం ఔషధంగా నమోదైనదైతే ఈ నిషేధం దానికి వర్తించదు. పట్టుదల గలవారు డబ్బామీద అక్షరాలు చదివి తేల్చుకోవలసిందే.

ఆమ్లం 10 శాతం మించకూడదనీ, పి.హెచ్. 3.5కు తగ్గకూడదనీ అమెరికన్ నిపుణుల సంఘం నిర్ణయించింది. ముదిమి చర్మానికి 5 శాతంతో మొదలుపెట్టడం ఉచితం. మోచేతి మడతలో రెండు మూడు రాత్రులు రాసి చూచి, దద్దురు లేకపోతే వారానికి రెండు రాత్రులు, ముఖం కడిగి తుడుచుకున్నాక, శనగగింజంత తీసుకొని కళ్ళకు దూరంగా రాయాలి. దానిపై మామూలు తేమ క్రీము పూయాలి. రాత్రివేళ చర్మం ఎక్కువ నీటిని కోల్పోతుంది. చురుక్కుమంటేనే పనిచేస్తున్నదనుకోవడం పొరపాటు. ఈ ఆమ్లాలు వాడే చర్మం ఎండకు త్వరగా కందుతుంది. కనుకనే రాత్రి వాడకం, పగలు గొడుగు గాని, ఎండను ఆపే క్రీము గాని అవసరం. వాడకం మానిన వారంలోపల చర్మం ఎండను ఓర్చుకునే శక్తి తిరిగి యథాస్థితికి వస్తుంది.