బల్లమీద పన్నెండు కిలోమీటర్లు

నరసరావుపేటకు కోటప్పకొండ సుమారు 12 కిలోమీటర్లు. పేట స్టేషనునూ, కొండనూ ఒకే రైలు నమూనాలో చూపాలంటే ఎంత చోటు కావాలి? ఎక్కువమంది వాడే ‘హెచ్‌.ఓ.’ కొలతలో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు. ఆ లెక్కన స్టేషనుకూ కొండకూ మధ్య 138 మీటర్లు ఉండాలి. మన ఎగ్జిబిషన్ బల్ల వెడల్పు మూడడుగులు! కనుక దూరాన్ని కొలిచి పెట్టలేం, కంటిని నమ్మించాలి.

మొదటిది రంగు. మధ్యనున్న గాలి, దుమ్ము కాంతిని చెదరగొడతాయి. అందుకే దూరపు కొండ నీలంగా, వెలిసినట్టు కనబడుతుంది. ముందున్న మిరపకాయల కళ్ళం ఎర్రగా మండిపోవచ్చు. దాని వెనక పత్తిచేలకు వేసే రంగులో కాస్త తెలుపూ నీలమూ కలపాలి. తెరమీది మూడు శిఖరాలకు గీత చాలు, చెట్లు వద్దు. ఆకాశం కూడా అడుగున తెల్లగా మొదలై పైకి పోనుపోను నీలం కావాలి.

రెండోది పరిమాణం. ముందు ఇళ్ళు 87వ వంతు, వెనక ఇళ్ళు 160వ వంతు చేసి, రెంటి మధ్య ఒక గట్టో, చెట్ల వరసో పెడితే తేడా పట్టుబడదు. ‘మాయాబజార్’ (1957)లో కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ బొమ్మ ఇళ్ళతోనే ద్వారకను నమ్మించారు గదా! అయితే వారికి కెమెరా అనే ఒకే కన్ను. మనకు వందల కళ్ళు. అందుచేత బల్లను ఛాతీ ఎత్తున ఉంచి, నాటక రంగానికి మల్లే రెండు పక్కలా అట్టలు కట్టాలి. పైనుంచి చూస్తే గుట్టంతా రట్టే.

మూడోది పట్టాలు. నేను చూసిన నమూనాల్లో చాలావాటికి ఇక్కడే చిక్కు. పట్టాలు తిన్నగా వెళ్ళి తెరకు కొట్టుకోకూడదు. వంపు తిరిగి ఏ గుట్ట చాటుకో, వంతెన కిందికో పోవాలి. రైలు నీడ ఆకాశం మీద పడిందా, ఇక చెప్పేదేముంది? తెరకూ పట్టాలకూ ఎడం ఉంచి, దీపాలు ముందువైపు పైన కట్టాలి.

నా మట్టుకు మీటరుగేజి నాటి స్టేషనే చెయ్యాలని ఉంది. 1990 దశకంలో ఈ మార్గం బ్రాడ్‌గేజి అయింది. 87వ వంతులో మీటరుగేజి 11.5 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగా దొరుకుతాయి. నీళ్ళట్యాంకు ఎక్కడుండేదో, వేపచెట్టు ఎటుండేదో మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ రైలెక్కి కాలేజీకి వచ్చిన పాత విద్యార్థులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకుందాం.