వార్తల్లో పదం: హైబ్రిడ్ విధానం

ఉచిత వైద్యం ఖర్చులో కొంత బీమా కంపెనీ, మిగతాది ప్రభుత్వ ట్రస్టు భరించే పద్ధతే హైబ్రిడ్ విధానం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి రూ.2.5 లక్షల దాకా బీమా. అది దాటితే, పేద కుటుంబాలకు రూ.25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు. ప్రీమియం ప్రభుత్వానిదే.

అనకాపల్లిలో బడికి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) బృందం ఒక పేద ఇంటి పాప గుండెలో రంధ్రం ఉందని అనుమానించిందనుకుందాం. ఆపరేషన్‌కు విశాఖ వెళ్లాలి. పాపకు విడిగా బీమా ఉండదు, ఇంటిల్లిపాదికీ ఒకటే పరిమితి. అదే ఏడాది నానమ్మ వైద్యానికి బీమా సొమ్ము అయిపోయినా, పాప ఆపరేషన్ ఆగకూడదు. ఆ బిల్లు ట్రస్టుకు వెళ్తుంది. తల్లిదండ్రులకు ఇదే ముఖ్యం.

ఈ పథకానికి పాత రూపమైన ఆరోగ్యశ్రీ 2007లో మొదలైందీ బీమాతోనే. తర్వాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. బీమాతో ప్రభుత్వానికి ఖర్చు ముందే తెలుస్తుంది, కానీ క్లెయిములు తగ్గితే కంపెనీకి లాభం. ట్రస్టుకు లాభాపేక్ష లేదు, కానీ నిధులు ఆలస్యమైతే ఆసుపత్రులకు బకాయిలు పేరుకుంటాయి. అందుకే చికిత్సకు అనుమతి ఎవరిస్తారు, ఎంత త్వరగా ఇస్తారన్నది గమనించాలి. సందేహాలుంటే ఆసుపత్రిలో ఈ పథకం సిబ్బందిని అడగవచ్చు.