చిన్న గదిలో పెద్ద ఫోటో

రీలు కెమెరాల కాలంలో మనవారు "ఫిల్ము కడిగించాం", "ఫోటోలు కడిగించాం" అనేవారు. ఆ మాటలో పెద్ద సంగతి ఉన్నది. తెల్లకాగితం మీద బొమ్మ తేలడం రెండు నిమిషాల పని. తేలిన బొమ్మ మనుమల కాలందాకా నిలవాలంటే మాత్రం నిజంగా కడగాలి, అదీ ఓపికతో కడగాలి. మన మందిరాల గోడలమీద వేలాడే పాత గ్రూపు ఫోటోలను గమనించండి. ఒకటి నిన్న తీసినట్టు నలుపు తెలుపులతో నిగనిగలాడుతుంది. దాని ప్రక్కనే ఉన్నది పసుపెక్కి, ముఖాలు ఆనవాలు పట్టలేనంతగా మాసిపోయి ఉంటుంది. ఎండ, చెమ్మ కూడా కారణాలే గాని, చాలాసార్లు ఆ తేడా కాగితంలో మిగిలిపోయిన హైపో వలన వచ్చినదే.

మీ ఇంటి ట్రంకుపెట్టెలో పాత నెగటివులు ఉంటే ఒకసారి తీసి వాసన చూడండి. వెనిగర్ వంటి పుల్లని వాసన వస్తున్నదా? అది ఫిల్ము లోపల కుళ్ళు మొదలైనదనడానికి గుర్తు. తరువాత అది ముడుచుకొని, వంకర తిరిగి, ఎందుకూ పనికిరాకుండా పోతుంది. అమ్మమ్మకు ఉన్న ఒకే ఒక ఫోటో ఆ నెగటివే అయితే, ఇక ఆలస్యం చేయడానికి వీలులేదు. మొదట దానిని స్కాన్ చేయించి దాచుకోండి, అది సులువైన మార్గం. అయితే వెండితో ఏర్పడిన నలుపు తెలుపు ప్రింటుకు ఉన్న నిలకడ వేరు, దాని అందమూ వేరు. పట్టణాలలో ఆ పని చేసే స్టూడియోలు దాదాపు మూతబడ్డాయి గనుక, కావాలనుకున్నవారు ఇంట్లోనే చేసుకోవాలి.

"మాది చిన్న ఇల్లు, పదహారు ఇరవై అంగుళాల ఫోటో ఎక్కడ చేస్తాం?" అని యౌవనస్థులు అడుగుతుంటారు. వారి సందేహం న్యాయమైనదే. ఆ కొలత కాగితం పట్టే ట్రేలు డెవలపరుకు ఒకటి, ఆమ్లపు నీళ్ళకు ఒకటి, హైపోకు ఒకటి చొప్పున వరుసగా పెడితే అయిదు అడుగుల బల్ల కావాలి. స్నానాల గదిలో అంత చోటు ఎక్కడిది? అందుకు విరుగుడు చాలా సులువు. మూడు ట్రేలు వద్దు, ఒక్కటి చాలు. కాగితం ట్రేలోనే ఉంటుంది, మందునీళ్ళే మారుతుంటాయి.

ముందు వెలుగు సంగతి చూద్దాం. మన హైదరాబాదులో నిజాము కొలువులో ఉండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో పెద్ద ఫోటో కావాలంటే ఎక్కువగా అంత పెద్ద గాజు పలక మీదనే తీసేవారు. పలకను కాగితానికి ఆనించి ముద్ర వేసేవారు. మనకు ఎన్లార్జరు ఉన్నది గనుక ఆ బరువు తప్పింది. మామూలు 35 మిల్లీమీటర్ల నెగటివును 16×20 అంగుళాలకు నిండుగా పెంచితే దాదాపు 17 రెట్లవుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో నెగటివు నుండి కాగితానికి మూడు అడుగుల పైచిలుకు దూరం కావాలి. చిన్న ఎన్లార్జరు కంబం అంత ఎత్తు ఉండదు. అప్పుడు దాని తలను వెనుకకు త్రిప్పి, బల్ల అంచు దాటించి, నేలమీద బొమ్మ పడేట్టు చేస్తారు. వెనుక బరువైన రాయి పెట్టడం మరువవద్దు, లేకపోతే ఎన్లార్జరంతా ముందుకు పడుతుంది. బొమ్మ పెరిగినకొద్దీ వెలుగు పలుచబడుతుంది. 8×10 కాగితానికి 10 సెకండ్లు సరిపోయిన వెలుగు, 16×20కి 35 సెకండ్ల పైన కావాలి.

కాగితం మన దేశానికి పైనుండి వస్తున్నది. 1960లో ఊటీలో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' సరుకు ఇప్పుడు లేదు, ఆ కర్మాగారం మూతబడింది. ఇంగ్లండు ఇల్‌ఫర్డ్, చెక్ దేశపు ఫోమా వంటివారి కాగితమే దొరుకుతుంది, ధర ఎక్కువ. కాబట్టి ఒక షీటును ముందుగా పేలికలుగా కత్తిరించుకొని, ముఖం పడే చోట ఒక పేలిక పెట్టి, వెలుగు కాలాన్ని పరీక్షించుకోవాలి. గోడకో ఆకాశానికో కాదు, ముఖానికే సరిచూడాలి. ఇంట్లోవారు చూసేది ముఖాన్నే గదా!

గది చీకటిగా ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే దీపమార్పి పది నిమిషాలు ఊరకే కూర్చోవాలి. అప్పటిదాకా కనబడని సందులన్నీ బయటపడతాయి. తలుపు క్రింద గోనెపట్ట చుట్టి పెడితే చాలు. ఎర్ర బల్బు 15 వాట్లది, పని చేసే చోటికి నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. ఆ బల్బు మంచిదేనా అన్న అనుమానముంటే, కాగితపు ముక్కమీద రూపాయి బిళ్ళ పెట్టి అయిదు నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. గుండ్రని మచ్చ కనబడితే బల్బు పనికిరాదు.

ఇక అసలు పని. వెలుగు చూపిన కాగితాన్ని ట్రేలో పరచి, మంచినీళ్ళు పోసి ఒక నిమిషం నానబెట్టాలి. ఇది లేకుండా డెవలపరు పోస్తే, ముందు తడిసిన చోట ముందుగా నలుపెక్కి చారలు పడతాయి. నీళ్ళు వంచేసి, రెండు లీటర్ల డెవలపరును వెడల్పు మూతి జగ్గుతో ఒకేసారి పోయాలి. తరువాత ట్రేను ఈ అంచు, ఆ అంచు మార్చి మార్చి ఎత్తుతూ ఊయల ఊపినట్టు ఊపాలి. ప్లాస్టిక్ పూత కాగితానికి ఒకటి, ఒకటిన్నర నిమిషాలు. మందపాటి నార కాగితానికి రెండు మూడు నిమిషాలు. సమయం కాగానే దానిని వంచేసి ఆమ్లపు నీళ్ళు అర నిమిషం పోయాలి. పచ్చళ్ళలో వాడే తెల్ల వెనిగరుకు అంత నీరు కలిపితే అదే సరిపోతుంది. దాని తరువాత హైపో. ఒక షీటు ముగిసినప్పుడెల్లా ట్రేను బాగా కడగాలి. కొంచెం హైపో మిగిలినా తరువాతి డెవలపరు పాడవుతుంది.

20×24 అంగుళాలవంటి ఇంకా పెద్ద కాగితానికి ట్రే కూడా పట్టకపోతే, ఆరు అంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండుగా కోయించి, చివరలు మూయించి తొట్టిలా చేసుకుంటారు. రెండు లీటర్లు పోస్తే చాలు. కాగితపు రెండు అంచులూ పట్టుకొని, అద్దకంవారు బట్టను రంగు తొట్టిలో ఇటూ అటూ లాగినట్టు లాగుతుండాలి. మందు పూసిన వైపు పైకి ఉండాలి, లేకపోతే అడుగున గీసుకుంటుంది. ఈ పద్ధతికి ప్లాస్టిక్ పూత కాగితమే మేలు. నార కాగితం తడిసినప్పుడు బరువెక్కి, చిన్న మడత పడినా నెలవంకలాంటి గీత మిగులుతుంది, అది ఇక పోదు.

మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. ఈ మందులకు 20 డిగ్రీలు అనువైనవి. మే నెలలో మన నీళ్ళు 35 డిగ్రీలుంటాయి. అంత వేడిలో కాగితం మీది జిలెటిన్ ఉబ్బి మెత్తబడి, గోరు తగిలితే లేచివస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రులు ఈ పనికి మంచి కాలం. తక్కిన రోజులలో మట్టికుండ నీళ్ళు వాడండి. మంచుగడ్డను డెవలపరులో వేయవద్దు, కరిగి పలుచన చేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి ముంచండి. హైపో పలుకులు నీళ్ళలో కరిగేటప్పుడు గిన్నె దానంతటదే చల్లబడుతుంది, పిల్లలకు చూపించదగిన వింత అది. బోరునీళ్ళలో మట్టి ఉంటే నాలుగు మడతల గుడ్డలో వడగట్టండి.

హైపో చేసే పనేమిటంటే, వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించి తీసివేస్తుంది. ఆ గుణాన్ని 1819లో కనుగొన్నవాడు జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. ఇరవై ఏండ్ల తరువాత 1839లో ఫోటోలను నిలబెట్టడానికి అదే పనికివచ్చింది. అయితే పని ముగిసిన హైపో కాగితంలో ఉండిపోతే, కాపాడిన వెండినే అది మెల్లగా తినివేస్తుంది. ప్లాస్టిక్ పూత కాగితంలోకి నీరు దిగదు గనుక నాలుగైదు నిమిషాల కడుగుడు చాలు. నార కాగితం హైపోను గట్టిగా పట్టుకుంటుంది. గంటసేపు కుళాయి వదలమని పుస్తకాలు వ్రాస్తాయి, బిందెలతో నీళ్ళు మోసే ఇంటికి అది సాధ్యం కాదు. ట్రే నింపి, ఊపి, అయిదు నిమిషాలు ఉంచి, పూర్తిగా వంచేసి మరల నింపండి. పన్నెండుసార్లు అలా చేయండి. ఒక్కసారికి నాలుగు లీటర్ల చొప్పున మూడు నాలుగు బిందెలతో అయిపోతుంది. మధ్యలో ఒకసారి లీటరుకు 20 గ్రాముల సోడియం సల్ఫైటు కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే హైపో ఇంకా త్వరగా వదులుతుంది. కాగితపు అంచున ఒక చుక్క పలుచని సిల్వర్ నైట్రేటు వేసి చూస్తే గోధుమరంగు మరక పడకూడదు. పడితే ఇంకా కడగాలి.

ఇళ్ళలో చిన్నపిల్లలున్నవారికి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఈ మందులను కూల్‌డ్రింకు సీసాలలో ఎన్నడూ పోయవద్దు. హైపో చూడడానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. గుర్తు చీటీ అంటించి, తాళం వేసిన పెట్టెలో పెట్టండి. డెవలపరులోని మెటాల్ కొందరి చేతులకు దురద, పొక్కులు తెస్తుంది, గ్లౌజులు వేసుకోండి. స్నానాల గదిలో ఎన్లార్జరు స్విచ్చి పొడిగా ఉన్న వైపే ఉండాలి, తడి చేతులతో దానిని ముట్టవద్దు. గంటకొకసారి తలుపు తీసి గాలి పీల్చుకోండి.

వాడిన హైపోలో వెండి ఉంటుంది. దానిని చేపల చెరువులోనో పశువులు త్రాగే కుంటలోనో పారబోయరాదు. గిన్నెలు తోమే ఇనుప పీచు అందులో వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరిగి వెండి నల్లని మట్టిగా అడుగున పేరుకుంటుంది. ఎక్స్‌రే హైపో కొనేవారు మీ పట్టణంలో ఉంటే వారికే ఇవ్వవచ్చు. ప్రింటును మాత్రం తాడుకు వ్రేలాడదీయక, శుభ్రమైన దోమతెర బిగించిన చట్రం మీద బొమ్మ పైకి ఉండేట్టు పరచి, నీడలో ఒక రాత్రి వదిలేయండి. నార కాగితం ఆరాక అప్పడంలా ముడుచుకుంటుంది. బరువైన పుస్తకాల క్రింద రెండు రోజులు పెడితే సాపు అవుతుంది.