పావురానికి షుగర్ ఎక్కువే.. మరి ముసలితనం ఎందుకు ఆలస్యం?

హైదరాబాద్ మక్కా మసీదు దగ్గర గింజల కోసం వాలే పావురాలను చూడని వాళ్లు తక్కువ. వాటిలో ఒకదాని రక్తం తీసి పరీక్షిస్తే షుగర్ 200 దాటి ఉండటం మామూలే. పరగడుపున మనిషికి ఆ రీడింగ్ వస్తే డాక్టర్ వెంటనే మందులు రాస్తారు. పావురం మాత్రం హాయిగా ఎగిరిపోతుంది.

పక్షుల ఒంటి వేడి కూడా ఎక్కువే. సాధారణంగా 104 నుంచి 107 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన పిల్లలకు 104 వస్తే ఆసుపత్రికి పరుగే కదా!

ఇంత చక్కెర, ఇంత వేడి ఉంటే శరీరం త్వరగా అరిగిపోవాలి. కానీ పక్షుల్లో ఆ లెక్క తప్పింది. ఎలుక, పావురం బరువులో దాదాపు సమానం. ఎలుక మహా అయితే 4, 5 ఏళ్లు బతుకుతుంది. మనుషుల సంరక్షణలో పావురం 35 ఏళ్ల దాకా బతికిన దాఖలా ఉంది.

చక్కెర చేసే నష్టం ఏమిటి?

రక్తంలో ఎక్కువైన చక్కెర మెల్లగా ప్రోటీన్లకు అతుక్కుంటుంది. రొట్టె పెనం మీద ఎర్రబడేది కూడా ఇలాంటి రసాయన చర్యతోనే. పెనం మీద నిమిషాల్లో అయ్యేది ఒంట్లో ఏళ్ల తరబడి జరుగుతుంది. రక్తనాళాలు బిరుసెక్కుతాయి. కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంట్లో పెద్దవాళ్లు 'మూడు నెలల షుగర్' అని చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది దీన్నే. అంటే, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అతుక్కుందో చెబుతుంది.

పక్షులకు ఉన్న రక్షణ

మొదటిది, పక్షుల ఎర్ర రక్తకణాల్లోకి చక్కెర చాలా తక్కువగా వెళ్తుంది. అందుకే రక్తంలో అంత చక్కెర తిరుగుతున్నా హిమోగ్లోబిన్‌కు అతుక్కునేది తక్కువే.

రెండోది, కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా. ఇవి పనిచేసేటప్పుడు పొయ్యి నుంచి పొగ వచ్చినట్టు హాని చేసే ఆక్సిజన్ పదార్థాలు కొన్ని బయటికి వస్తాయి. 1990లలో స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో గుస్తావో బార్హా బృందం ఎలుకను, పావురాన్ని పోల్చి చూసింది. పావురం మైటోకాండ్రియా నుంచి ఆ 'పొగ' తక్కువగా వస్తోందని తేలింది.

మూడోది, కణాల పైపొరలోని కొవ్వు. గాలి తగిలితే కొన్ని నూనెలు త్వరగా పాడవుతాయి, కొన్ని నిలవ ఉంటాయి. అదే సైజు జంతువులతో పోలిస్తే పక్షుల కణాల పొరలో త్వరగా పాడయ్యే రకం కొవ్వు తక్కువ.

నాలుగోది, యూరిక్ యాసిడ్. మనకు ఎక్కువైతే కీళ్ల నొప్పులు తెచ్చే ఈ పదార్థమే పక్షుల రక్తంలో ఆ హానికర పదార్థాలను అడ్డుకుంటుంది. పక్షుల రెట్టలో తెల్లగా కనిపించేది ఇదే.

వీటి ఫలితం పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవిలో కనిపిస్తుంది. అక్కడ 'విజ్‌డమ్' అనే ఆల్బట్రాస్ పక్షి కాలికి 1956లో రింగు వేశారు. 2024 చివర్లో, సుమారు 74 ఏళ్ల వయసులో అది మళ్లీ గుడ్డు పెట్టింది.

మనకు దీంతో ఏం పని?

పక్షవాతానికి పావురం మాంసం మంచిదని కొందరు నమ్ముతారు. కానీ తిన్న మాంసం కడుపులో అరిగి ముక్కలవుతుంది. పక్షి కణాల్లోని రక్షణ దాంతో మన కణాల్లోకి రాదు. 'పక్షులకు 200 ఉన్నా ఏమీ కాదు కదా' అని మందులు మానేయడం కూడా అంతే ప్రమాదం. వాటి శరీరం తరతరాలుగా ఆ చక్కెరకు తగ్గట్టు తయారైంది. మన శరీరం అలా కాలేదు.

కాబట్టి పావురాలకు దానా వేసి ఇంటికొచ్చిన నానాజాన్ చాయ్‌లో రెండో చెంచా చక్కెర అడిగితే, ముందు ఆయన 'మూడు నెలల షుగర్' ఎంతుందో చూడాల్సిందే.