చిత్రకారుని గదికి వెలుతురు

పండుగకు పట్టుచీర కొనబోయిన ఇల్లాలు అంగడిలోని దీపముల వెలుతురును నమ్మదు. నచ్చిన చీరను చేతబట్టుకొని వాకిటికి వచ్చి, పగటి వెలుతురులో మడత విప్పి చూచును. లోపల నలుపుగా తోచినది బయట ముదురు నీలమగును. లోపల తెలుపని తలచినది బయట లేత పసుపగును. చీర మారలేదు, చూచు కన్ను మారలేదు. మారినది వెలుతురు మాత్రమే.

ఆ ఇల్లాలికి ఇది ఒక నిమిషములో తీరు పరీక్ష. చిత్రకారునికి ఇది ప్రతిదినము ఎదురగు సమస్య. అతడు ఒక్క రంగును గాక పెక్కు రంగులను ఎంచవలెను. వానిని ఒకదాని ప్రక్క నొకటి పొందికగా కూర్పవలెను. వెలుతురు మోసగించెనా, అతని పది దినముల శ్రమయు, రంగులకు పెట్టిన ధనమును వ్యర్థములగును. రాత్రి దీపము క్రింద నిండు ఆరోగ్యముతో కళకళలాడిన ముఖచిత్రము తెల్లవారునప్పటికి కామెర్లు సోకిన ముఖమువలె కనబడవచ్చును. కావున చిత్రకారుడు కుంచెలను, రంగులను సమకూర్చుకొనుటకు ముందే తన గదికి తగిన వెలుతురును ఎంచుకొనవలెను.

వెలుతురు మారినచో రంగు ఏల మారవలెను? 1666 ప్రాంతమున ఐజాక్ న్యూటను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చీకటిగదిలోనికి సన్నని సూర్యకిరణమును రానిచ్చి, దానిని గాజుపట్టకము గుండ ప్రసరింపజేసెను. ఎదుటి గోడపై ఇంద్రధనుస్సులోని వర్ణములన్నియు వరుసగా నిలిచినవి. తెల్లని వెలుతురు పలు వర్ణముల కలయిక యని అతడు నిరూపించెను. వస్తువులు తమపై పడిన వెలుతురులో కొన్ని వర్ణములను తమలో ఇముడ్చుకొని, తక్కినవానిని మన కంటికి పంపును. నీలిరంగు నీలముగా కనబడవలెనన్న, దానిపై పడు వెలుతురులో నీలముండవలెను గదా! నూనెదీపమునందును, పాతకాలపు తీగబల్బునందును ఎరుపు పసుపులు మెండు; నీలము కొరత. అందుచేత ఆ వెలుతురులో నీలిరంగు మసకబారి నలుపునకు దగ్గరగును. లేత పసుపు తెల్లకాగితముపై కానరాకుండ పోవును. కానరానందున చిత్రకారుడు మరింత పసుపు పూయును. తెల్లవారిన పిదప ఆ పసుపంతయు ఒక్కమారుగా బయటపడును.

అట్లని పగటి వెలుతురంతయు ఒక్కతీరున ఉండునని తలపరాదు. ఉదయపు టెండలో ఎరుపు పాలు హెచ్చు. మధ్యాహ్నపు టెండ తెలుపు. మబ్బు పట్టిన వేళ వెలుతురు కొంచెము నీలి ఛాయ గలదై యుండును. క్లాడ్ మోనే అను ఫ్రెంచి చిత్రకారుడు 1892, 1893 సంవత్సరములలో రువాన్ నగరపు ప్రధాన దేవాలయమున కెదురుగా గది కుదుర్చుకొని, ఆ ఒక్క కట్టడమునే ముప్పదికి పైగా చిత్రములలో వ్రాసెను. వెలుతురు మారినప్పుడెల్ల అతడు చేతిలోని చిత్రమును ప్రక్కకు పెట్టి, ఆ వేళకు తగిన మరియొక చిత్రమును అందుకొనెడివాడు. మారు వెలుతురే ఆతనికి చిత్రవస్తువు. ఒక్క చిత్రమును ఉదయము మొదలు సాయంకాలము వరకు వ్రాయవలసిన వానికి మాత్రము నిలకడగల వెలుతురు కావలెను.

ఈ నిలకడ కొరకే ఐరోపా చిత్రకారులు ఉత్తరపు కిటికీని ఆశ్రయించిరి. ఇటలీ దేశపు మహాచిత్రకారుడు లియొనార్డో డావిన్సి (1452-1519) ఎదుటనున్న రూపమును చూచి వ్రాయువారికి వెలుతురు ఉత్తరము నుండి రావలెనని తన వ్రాతలలో సూచించెను. దక్షిణపు కిటికీయే గతియైనచో దానికి గుడ్డ తెర కట్టుమనియు చెప్పెను. హాలెండు చిత్రకారుడు రెంబ్రాంటు 1639లో ఆమ్‌స్టర్‌డాము నగరమున కొనిన ఇల్లు నేడు ప్రదర్శనశాలగా నున్నది. అందు ఆయన చిత్రములు వ్రాసిన పెద్ద గది కిటికీలు ఉత్తరదిక్కున కున్నవి. ఆ దేశములలో మధ్యాహ్నసూర్యుడు ఏడాది పొడుగున దక్షిణపు వైపుననే యుండును. ఉత్తరపు కిటికీలోనికి సూర్యునికి మారుగా ఆకాశపు వెలుతురు ప్రవేశించును. అది మెత్తనిది, కొంచెము నీలి ఛాయ గలది. దానివలన ఏర్పడు నీడలు ఎండలో వలె గడియ గడియకు జరిగిపోవు.

ఐరోపాకు సరిపడిన ఈ నియమము మనకు యథాతథముగా సరిపడునా? ఇచ్చట కొంచెము ఆలోచింపవలెను. ఆమ్‌స్టర్‌డాము 52 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు పైని ఉన్నది. మన తెలుగు నేల యంతయు కర్కటరేఖకు దక్షిణముననే యున్నది. హైదరాబాదు అక్షాంశము సుమారు పదునేడున్నర డిగ్రీలు. అందుచేత మే నెల రెండవ వారము నుండి ఆగస్టు తొలి దినముల వరకు అచ్చట మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరిగి యుండును. అంతియేగాక, మార్చి నెల చివరివారము మొదలు సెప్టెంబరు మూడవ వారము వరకు సూర్యుడు తూర్పునకు ఈశాన్యముగా ఉదయించి, పడమటికి వాయవ్యముగా అస్తమించును. ఆ దినములలో ఉదయ సాయంకాలములందు ఏటవాలు కిరణములు మన ఉత్తరపు కిటికీలోనికి చొరబడును.

ఇది తెలియక ఉత్తరపు కిటికీ అన్నంతనే నిశ్చింతగా కూర్చున్నవాడు వేసవిలో చిక్కుపడును. తెలిసినవానికి ఉపాయములు సులభములు. మధ్యాహ్నపు టెండ దాదాపు నిట్టనిలువుగా పడును గనుక కిటికీపై మూరెడు సజ్జ యున్న చాలును. ఉదయ సాయంకాలములకు కిటికీ నిరుప్రక్కల నిలువుపలకలు బిగింపవచ్చును. లేదా పలుచని తెల్లగుడ్డను తెరగా కట్టవచ్చును. ఉత్తరపు వసారా గల ఇంటిలో ఆ వసారాయే ఈ పనిని చాలవరకు నెరవేర్చును. పూర్వుల నియమమును పాటించుట మంచిదే. దాని కారణము నెరిగి మన నేలకు తగినట్లు సరిదిద్దుకొని పాటించుట మరింత మంచిది.

కిటికీ దిక్కుతోపాటు దాని ఎత్తును గమనింపవలెను. క్రిందనుండి వచ్చు వెలుతురు తడి నూనెరంగులపై పడి తళతళ మెరసి, కంటికి రంగును తెలియనీయదు. పైనుండి ఏటవాలుగా దిగు వెలుతురు శ్రేష్ఠము. కిటికీ చాల క్రిందికున్నచో దాని అడుగుభాగమును అట్టతో మూయవచ్చును. కుడిచేతితో వ్రాయువానికి వెలుతురు ఎడమవైపు నుండి రావలెను. లేనిచో తన చేతినీడయే తన పనిపై పడును. ఎడమచేతివాటము వానికి కుడివైపు తగును. చిత్రపటముపై ఎట్టి వెలుతురు పడునో, రంగులు కలుపు పలకపై కూడ అట్టిదే పడవలెను. నీడలో కలిపిన రంగు వెలుతురులోని పటముపై వేరుగా కనబడును.

గది గోడలు కూడ వెలుతురును మార్చును. ఎర్రగోడపై పడి మరలిన వెలుతురు ఎరుపును వెంటబెట్టుకొని వచ్చును. కిటికీ ముందు దట్టమైన వేపచెట్టున్నచో గదిలోనికి పచ్చదనము వచ్చును. కాబట్టి తెల్లసున్నమో, లేత బూడిదవన్నెయో గోడలకు మేలు. చిత్రకారుడు ధరించిన ఎర్రచొక్కా సయితము ఎదుటి పటముపై తన ఛాయను వేయును.

పగలంతయు వేరొక పనిలో గడుపువారికి రాత్రి తప్ప తీరిక దొరకదు. స్పెయిను దేశపు చిత్రకారుడు గోయా క్రొవ్వొత్తులు నిలుపు అమరిక గల టోపీ ధరించి పని చేయుచున్నట్లు తన చిత్రమును తానే వ్రాసికొనెను. నేటివారి కంతటి అవస్థ లేదు. దీపము పెట్టెపై ముద్రించు రెండు అంకెలను చదువనేర్చిన చాలును.

మొదటి అంకె వెలుతురు ఛాయను తెలుపును. కొలిమిలో ఇనుము కాగిన కొలది మొదట ఎరుపుగను, పిమ్మట పసుపుగను, తుదకు తెలుపుగను వెలుగుట మీరు చూచియే యుందురు. ఈ పోలికను బట్టి వెలుతురు ఛాయను కెల్విను అను మానముతో చెప్పుదురు. తీగబల్బు ఛాయ సుమారు 2,700 కెల్విన్లు. మధ్యాహ్నపు టెండ సుమారు 5,500. మబ్బు పట్టిన ఆకాశము సుమారు 6,500. చిత్రరచనకు 5,000 ప్రాంతపు దీపము అనువైనది. రెండవ అంకె రంగులను ఎంత యథార్థముగా చూపునో తెలుపును. దీనికి గరిష్ఠము 100. చౌకరకపు ఎల్.ఇ.డి. దీపములు 80కి అటునిటుగా ఉండి ఎరుపును పేలవముగా చూపును. 90కి మించిన దానినే కొనవలెను. ఒక్క అంకెను చూచి తృప్తిపడరాదు. తీగబల్బునకు రెండవ అంకె 100కు దాదాపు సమానమైనను, ఛాయ పసుపు గనుక అది మన పనికి చాలదు. దీపములు రెండున్నచో రెండును ఒకే ఛాయ గలవై యుండవలెను.

వెలుతురు మితిమీరుటయు దోషమే. మిక్కిలి ప్రకాశమున వ్రాసినవాడు రంగులు తగినంత తేటగా నున్నవని భ్రమించును. ఆ చిత్రమే సాధారణమైన చావడిలో వ్రేలాడదీసినప్పుడు చీకటివలె కనబడును. కావున చిత్రము ముగియుటకు ముందు దానిని ఉదయమున, మధ్యాహ్నమున, దీపపు వెలుతురున వేరువేరుగా పరీక్షింపవలెను. అది నిలువబోవు చోటు తెలిసినచో అచ్చటికే కొనిపోయి చూచుట ఉత్తమము.

విద్యార్థులారా! మీలో బొమ్మలు వ్రాయు ముచ్చట గలవారు వేరొక గది లేదని చింతింపకుడు. ఒక తెల్లకాగితముపై ఎరుపు, పసుపు, నీలము చుక్కలు పెట్టి, సెలవునాడు ఇంటిలోని ఒక్కొక్క మూలనుంచి, ప్రొద్దున మొదలు ప్రొద్దుగూకు వరకు గంట కొకమారు గమనింపుడు. ఏ మూల ఆ రంగులు మిక్కిలి తక్కువగా మారునో ఆ మూలయే మీ చిత్రశాల. అందులకు ఖర్చు లేదు. ఓర్పు మాత్రము కావలెను.